హైపో వేయని సీసాలు

జూన్ 3, మంగళవారం

ల్యాబ్ రిజిస్టరులో అంకెలకే చోటుంది. ఒళ్ళు మండితే రాసుకోవడానికి గడి లేదు. అందుకని ఈ పుస్తకం కొన్నాను.

ఈరోజు బావ మళ్ళీ కాలవ నీళ్ళ సీసా పట్టుకొచ్చాడు. నేను టీ తాగుతున్నాను. బల్ల మీద ఠప్పున పెట్టి, మూత బిగించి, ఎడాపెడా ఊపాడు.

"మరదలా, నురగ చూడు."

"బకెట్లోకి కుళాయి తిప్పినా నురగొస్తుంది బావా."

"ఆ నురగ వస్తుంది, పోతుంది. ఇది వచ్చి కూర్చుంది. చుట్టంలాగ."

"సబ్బు కొలిచే నీలం పరీక్షలో దాదాపు సున్నా వస్తోంది. ఏది నమ్మమంటావ్, నీ నురగనా, నా పరీక్షనా?"

"నీ పరీక్షే నమ్ముతాలే. చదువుకున్నదానివి. కానీ నురగ చూడు."

ఈ మనిషితో వేగలేను. ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టరు తిప్పాడు. హాలు మూతపడ్డాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని అక్క ప్రాణం తీస్తుంటే, నేనే మేనేజరుతో మాట్లాడి మా లాండ్రీలో దీపాల గదికి పెట్టించాను. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రుల బట్టలు లారీలకి లారీలు ఉతికే చోట ఆ సబ్బునీళ్ళని ఊరికే కాలవలోకి వదిలేస్తే ఊరుకోరు. "ఇందులో తెల్లపొడి కలుపుతాం బావా, పెర్సల్ఫేట్. ఆ నీళ్ళు ఈ దీపాల పక్కనుంచి పోతాయి. కంటికి కనపడని వెలుగు తగిలి పొడికి కోపమొస్తుంది, సబ్బుని ముక్కలు ముక్కలు చేస్తుంది. దీపాలు పన్నెండు గాజు గొట్టాల్లో ఉంటాయి. గాజు మీద పొర పేరుకుంటే వెలుగు బయటికి రాదు. రోజూ దీపాలాపి, నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవాలి. అదే నీ పని" అని మొదటిరోజు చెప్తే నవ్వాడు. "దీపం పక్కన కూర్చుని గాజు తుడవడమా? నేను పుట్టిందే అందుకు కదే" అన్నాడు.

తుడుస్తాడు, కాదనను. తుడిచినంత సేపూ పాడతాడు కూడా.

హైపో అయిపోయి ఇరవై రోజులైంది. నమూనా పట్టగానే సీసాలో చిటికెడు హైపో వేయాలి. నీళ్ళలో మిగిలిన పెర్సల్ఫేట్‌ని అది చంపేస్తుంది. లేకపోతే సీసాలో కూడా పని జరుగుతూనే ఉంటుందని పుస్తకం మాట. స్టోర్సు మహానుభావుడికి రెండుసార్లు రాసిచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. రాకపోయినా కొంప మునిగిందేమీ లేదు. అంకెలు మునుపటికంటే బాగున్నాయి.

జూన్ 4

మేనేజరు వచ్చాడు. "సింపుల్‌గా చూద్దాం మేడం. అంకెలింత బాగుంటే నీళ్ళు రెట్టింపు వేగంతో పంపొచ్చు కదా? మూడో షిఫ్టు మొదలెట్టాలి."

రెట్టింపు వేగమంటే దీపాల పక్కన నీళ్ళు నిలిచే సమయం సగం. కాసేపు లెక్క వేశాను. మూడు వారాల రిజిస్టరు ముందు పెట్టుకున్నాను. సున్నా, సున్నా, సున్నాకి కాస్త పైన, సున్నా. సంతకం పెట్టాను.

ఈ ఏర్పాటు గీసింది నేను. పెట్టిద్దామంటే మూడేళ్ళు నన్ను చూసి నవ్వారు. ఇప్పుడు నవ్వమనండి.

జూన్ 11

బావ మీద అందరి ముందూ అరిచాను. అరవకుండా ఉండాల్సింది.

బయటి గొట్టం దగ్గర కాలవలో నురగ తేలుతోందని వాచ్‌మన్‌కీ, బట్టలు మడతపెట్టే ఆడవాళ్ళకీ చూపిస్తున్నాడు. నా పరువు తీసెయ్యడానికే వచ్చినట్టు! "నీకు తెలియని విషయాల్లో వేలు పెట్టకు బావా. నీ పని గాజు తుడవడం. అది చెయ్యి చాలు" అన్నాను. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. బావ చేతిలో గుడ్డని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "సరే మరదలా" అన్నాడు.

ఒక మాట మాత్రం పోతూ పోతూ అన్నాడు. పొద్దున పట్టిన సీసాని తానే ఊపి చూశాడట, నురగ ఉందట. అదే సీసాని నేను నాలుగింటికి పరీక్ష చేసేముందు మళ్ళీ ఊపాడట, లేదట. "దానికదే పోతోంది, తమాషాగా లేదూ?" అన్నాడు.

నా సీసాలు ఎవడు ముట్టుకోమన్నాడు?

జూన్ 12

సీసాలుండే అర బాయిలరు గోడకి ఆనుకుని ఉంటుంది. నా టీ గ్లాసు కూడా అక్కడే పెడతాను. పొద్దున పెట్టింది మధ్యాహ్నం దాకా చల్లారదు.

ఊరికే రాశాను.

జూన్ 19

చేపల పెద్దాయన వచ్చాడు. మా కాలవ దిగువన చేపపిల్లల్ని పెంచి అమ్ముతాడు. కాలవ నీళ్ళే చెరువుల్లోకి పెట్టుకుంటాడు. రెండు నెలల కిందట గేటు దగ్గర నిలబడి నన్నడిగాడు, "ఈ నీళ్ళు పెట్టుకోవచ్చా అమ్మా" అని. నిశ్చింతగా పెట్టుకోండి అన్నాను.

ఈరోజు ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి ల్యాబ్ గుమ్మంలో పెట్టాడు. నిండా చేపపిల్లలు. వేలి గోరంత ఉన్నాయి ఒక్కోటీ. అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

"మూడు చెరువులూ ఇంతే. నేనడిగితే శుభ్రం అన్నారు కదమ్మా" అన్నాడు.

అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ తిట్టేదాన్ని. "చెరువులో గాలి తగ్గినా చస్తాయి, ఎండకి చస్తాయి, రోగమొచ్చి చస్తాయి" అని ఏకరువు పెట్టాను. విన్నాడు. బకెట్టు అక్కడే వదిలేసి వెళ్ళాడు. బావ దాన్ని తీసుకెళ్ళి చెట్టు కింద గొయ్యి తవ్వి పూడ్చాడు.

జూన్ 20, శుక్రవారం

కాలుష్య నియంత్రణ అధికారి వచ్చింది. బయటి గొట్టం దగ్గర నమూనా పట్టుకుంది. వెళ్ళిపోయింది. తలనొప్పిగా ఉంది. తొందరగా ఇంటికొచ్చేశాను.

జూన్ 22, ఆదివారం

ప్రతి ఆదివారంలాగే అక్కావాళ్ళింట్లో భోజనం. అక్క చేతి వంట గురించి చెప్పేదేముంది. రెండోసారి బావే వడ్డించాడు, వద్దంటున్నా వినకుండా.

"ఫ్యాక్టరీలో అందరూ చేపలు చచ్చింది గాజు గొట్టాల వల్లే అంటున్నారు. పొర పేరుకుని ఉంటుందంట. నిజమేనా మరదలా?"

"ఫలితం రానీ బావా. చూద్దాం."

"నేను రోజూ తుడిచాను."

"తుడవలేదని ఎవరన్నారు?"

"హాల్లో తెర మీద చిన్న వెంట్రుక కనపడినా వెయ్యి మంది వెనక్కి తిరిగి నన్ను తిట్టేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారే తిట్లు తిన్నాను. అది కూడా కరెంటు పోయినందుకు."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. మళ్ళీ పెరుగు వేయించుకున్నాను.

జూన్ 25

ఫలితం వచ్చింది. అనుమతించినదానికి పదకొండు రెట్లు సబ్బు.

మేనేజరు గదిలో మీటింగు. మేనేజరు, నేను, ఆఫీసు గుమాస్తా. బావ బయట బల్ల మీద కూర్చున్నాడు.

"సింపుల్‌గా చూద్దాం. మీ రిజిస్టరులో నెలరోజులుగా సున్నాలు. ఆవిడ వచ్చిన రోజు పదకొండు రెట్లు. అంటే మీ లెక్కల్లో తప్పు లేదు, ఆ పూట దీపాలు సరిగా పనిచేయలేదు. గొట్టాల మీద పొర ఉంటే ఇలా అవుతుందా, అవదా?"

"అవుతుంది."

"తుడవాల్సిందెవరు?"

నేను తలుపు వైపు చూశాను.

"మీ చుట్టమే అనుకోండి, మీకు ఇబ్బందే. లేదంటే మీ పరీక్షలు తప్పయ్యుండాలి. అప్పుడు ఈ ప్లాంటే మూసేయమంటారు. మీ ఇష్టం. ఒక్క లైను రాసివ్వండి చాలు."

రాసిచ్చాను. 'గాజు గొట్టాల మీద పొర పేరుకోవడం వల్ల జరిగి ఉండవచ్చు.' ఉండవచ్చు అన్నాను. జరిగింది అనలేదు. శాస్త్రం చదువుకున్నవాళ్ళెవరైనా అంతే రాస్తారు.

జూన్ 26

బావని పంపేశారు.

సాయంత్రం దీపాల గదికి వెళ్ళాను. కొత్తవాడు ఇంకా చేరలేదు. బావ గుడ్డ ఉతికి మేకుకి ఆరేసి వెళ్ళాడు.

జూన్ 27

ఏమీ లేదు.

జూన్ 28

ఏమీ లేదు. హైపో వచ్చింది. పెద్ద డబ్బా. ఇప్పుడెందుకు వచ్చిందో, దాని మొహం.

జూన్ 29, ఆదివారం

ఒంట్లో బాగాలేదని అక్కకి ఫోన్ చేశాను. బాగానే ఉంది.

జూలై 2

ఇక రాయక తప్పదు. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఈ పుస్తకం కొన్నది ఎందుకు?

ఈరోజు బయటి గొట్టం దగ్గర రెండు సీసాలు పట్టాను. ఒకదాంట్లో చిటికెడు హైపో వేశాను. రెండోదాంట్లో వేయలేదు. రెండూ అదే అరలో, బాయిలరు గోడ పక్కన పెట్టాను. నాలుగింటికి నీలి మందు, క్లోరోఫారం పోసి ఊపాను. సబ్బు ఎంతుంటే అంత నీలం కింది పొరలోకి దిగుతుంది. హైపో వేసిన సీసాలో కింది పొర సిరాలాగా వచ్చింది. వేయని సీసాలో తెల్లగా ఉంది.

అంతే. కాలవలోకి సబ్బు పోతూనే ఉంది. నా సీసాలో మాత్రం మిగిలిన పెర్సల్ఫేట్ గోడ వేడికి రాజుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా తీరిగ్గా సబ్బుని తినేసింది. నేను కొలిచింది కాలవని కాదు, నా అరని. ఆ సున్నాలు చూసే నీళ్ళ వేగం రెట్టింపు చేయించాను.

బావ చెప్పాడు. పొద్దున ఉన్న నురగ సాయంత్రానికి ఉండటం లేదు, తమాషాగా లేదూ అన్నాడు. పెర్సల్ఫేట్ పేరు నోరు తిరగని మనిషి సరిగ్గా అదే చెప్పాడు. నేను నీ పని గాజు తుడవడం అన్నాను.

ఒక్కసారి చేసిన పరీక్షతో తేల్చకూడదు. రేపు మళ్ళీ చేస్తాను.

జూలై 3

అదే.

జూలై 4

అదే. సిరా, తెలుపు.

జూలై 5

నేనో పని చేశాను. ఎవరికీ చెప్పకుండా నీళ్ళ వేగం పాత స్థాయికి తగ్గించాను. పొడి మోతాదు కాస్త పెంచాను. నమూనా పట్టగానే హైపో వేస్తున్నాను. నిజమైన అంకెలు రాస్తున్నాను. రోజురోజుకీ తగ్గుతున్నాయి. ఇంకో వారంలో కాలవ నిజంగా శుభ్రపడుతుంది. జరిగిందేదో జరిగిపోయింది, ఇకమీదట జరగదు. అదే కదా ముఖ్యం.

బావకి వేరే చోట ఏదో ఒకటి దొరుకుతుంది. మాటకారి, పనిమంతుడు. ఇంట్లో కూర్చునే రకం కాదు.

జూలై 6, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. "ఏమే బుల్లీ, రెండు వారాలైంది మొహం చూపించి. ఆయన మీద కోపమా? ఆయన అదే అనుకుంటున్నాడు."

లేదే, పనెక్కువ అన్నాను. ఇటువైపు నుంచి మరీ గట్టిగా నవ్వాను కూడా.

జూలై 10

అధికారి మళ్ళీ వచ్చింది. నమూనా పట్టుకుని తను తెచ్చిన పరీక్షల పెట్టెతో అక్కడికక్కడే పరీక్ష చేసింది. హద్దులోపే ఉంది.

మేనేజరు మొహం చాటంత అయింది. "చూశారా మేడం? సింపుల్! మనిషిని మార్చగానే నీళ్ళు మారాయి." గుమాస్తా తలూపాడు. మడతల ఆడవాళ్ళూ ఇదే మాట చెప్పుకుంటున్నారు. ముసలాయన పాటలు పాడుతూ కూర్చునేవాడు, తుడిచేవాడు కాదు, వీడు బుద్ధిగా తుడుస్తున్నాడు అని.

కొత్తవాడు తుడవడం లేదు. రెండురోజులకోసారి పైపైన గుడ్డ ఆడించి వెళ్ళిపోతున్నాడు. నేను గుట్టుగా సర్దినదంతా వాడి ఖాతాలోకి, బావ నెత్తి మీదికి పోయింది. కాలవ బాగుపడేకొద్దీ బావ తప్పు గట్టిపడుతోంది. ఇంత తెలివి నాకు ఎక్కడ ఏడ్చిందో.

జూలై 13, ఆదివారం

వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే అదో అనుమానం.

గుమ్మంలోంచి చూస్తే బావ స్టూలు మీద నిలబడి ట్యూబులైటు తుడుస్తున్నాడు. "వారంలో నాలుగోసారి. కిటికీ అద్దాలు అయ్యాయి, బీరువా అద్దం అయింది, నా గాజులొక్కటే మిగిలాయి" అంది అక్క. నవ్వించడానికే అంది. ఎవరూ నవ్వలేదు.

"మరదలా, వచ్చావా? ఇలా రా. నీ కళ్ళతో చూసి చెప్పు. మరకుందా?"

"లేదు బావా."

"సరిగ్గా చూడు. ఆ చివర."

"లేదు."

"నాకూ లేదనే అనిపిస్తోంది. అదే భయం. అక్కడ కూడా నాకు లేదనే అనిపించేది" అని స్టూలు దిగాడు.

భోజనాల దగ్గర అక్క చెప్పింది. ఒకప్పుడు సినిమా హాల్లో వారానికి రెండాటలు చూసే కళ్ళజోళ్ళ కొట్టాయన బావని పనికి రమ్మన్నాడట. అద్దాలు అరగదీసి, తుడిచి, ఫ్రేముల్లో బిగించే పని. కూర్చుని చేసేదే. బావకి చెప్పి చేయించినట్టుంటుంది. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. బావ రానన్నాడు.

"గాజు మీద పొర కనపడని వాడికి కళ్ళజోళ్ళ కొట్లో ఏం పని?" అన్నాడు బావ.

"కంటి డాక్టరు బాగున్నాయన్నాడు కదా!" అంది అక్క.

"అక్షరాలు చదివించాడు. పొర చూపించి కనపడుతోందా అని అడగలేదుగా."

అక్క నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. బావ గొంతు తగ్గించాడు. "నీ పేరు పోగొట్టాను మరదలా. ఎంతో నమ్మి పెట్టించావు. నువ్వు మూడేళ్ళు కష్టపడి కట్టిందాన్ని నా చేతకానితనంతో చెడగొట్టాను. ఆ చేపపిల్లలు కూడా... నేనే కదా పూడ్చింది. క్షమించవే."

చేతులు జోడించాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నాకు సైకిల్ నేర్పించినవాడు.

"ఊరుకో బావా" అన్నాను. అంతే అన్నాను. చెప్పడానికి ఆ క్షణం కంటే మంచి క్షణం ఎక్కడ దొరుకుతుంది? ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నీళ్ళు తాగి మింగేశాను.

జూలై 14

బావకి,

నేను నీకొక విషయం చెప్పాలి.

(చించేశాను.)

జూలై 15

బావకి, అక్కకి,

కొన్నిసార్లు శాస్త్రీయ పరీక్షల్లో

(ఇది కూడా. శాస్త్రీయమట, సిగ్గులేకపోతే సరి.)

జూలై 17

చెప్తే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్ళ పేరు పోతుంది. మొదట్నించీ ఈ దీపాలంటే గిట్టనివాళ్ళు, చూశారా మేం చెప్పలేదూ అంటారు. ప్లాంటు మూసేస్తే సబ్బునీళ్ళు మళ్ళీ ఊరికే కాలవలోకి పోతాయి. అంటే నేను నోరు మూసుకుంటేనే కాలవకి మంచిది.

ఈ వాదన రాస్తున్నప్పుడు బాగానే ఉంది. చదువుకుంటే మేనేజరు రాసినట్టుంది.

జూలై 20, ఆదివారం

వెళ్ళలేదు.

జూలై 23

అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ రాదు. ఎండలో నిలబడి చెప్పింది, "బుల్లీ, నువ్వు చెప్తే వింటాడు. నువ్వంటే గురి ఆయనకి. కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళమని నువ్వొక్క మాట చెప్పు. నిన్న రాత్రి నుంచి పాత ప్రొజెక్టరు లెన్సు తీసి ముందు పెట్టుకున్నాడు. హాలు మూసేసిన రోజు ఓనరు ఇచ్చింది. దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తాడట. నా దగ్గర ఉంటే పాడవుతుంది అంటున్నాడు."

సరే ఆదివారం వస్తాను అన్నాను. అక్క నా చెంప తట్టింది. "చిక్కిపోయావే. తింటున్నావా?" అంది.

జూలై 26, శనివారం

కాలుష్య ఆఫీసుకి వెళ్ళి కాగితం ఇచ్చాను. హైపో లేని నెలన్నర రోజుల నమూనాలు తప్పని, వేగం పెంచమని సంతకం పెట్టింది నేనని, గొట్టాలు తుడిచిన మనిషి తప్పేమీ లేదని రాశాను. 'ఉండవచ్చు' అనే మాట ఎక్కడా వాడలేదు. ఒక ప్రతి మేనేజరు బల్ల మీద పెట్టాను.

అధికారి చదివింది. కళ్ళజోడు తీసింది. "ఆ రోజు నేను సీసాలో హైపో వేస్తుంటే మీరు అదేమిటని అడిగారు. హైపో, మీరు వేయరా అన్నాను. వేస్తామన్నారు" అంది.

"అవునండి. అన్నాను."

"మీ మొహం చూసి నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ మీ రిజిస్టరు చాలా శుభ్రంగా ఉంది."

ఇంకేమీ అడగలేదు. విచారణకి పిలుస్తామంది. చేపల పెద్దాయన చిరునామా అడిగి రాసుకున్నాను. మంగళవారం వెళ్తాను. ముందు అక్కావాళ్ళిల్లు.

మేనేజరు ఫోన్ మోగుతూనే ఉంది. సింపుల్‌గా మోగనీ.

జూలై 27, ఆదివారం

చెప్పాను.

బావ ముందు గదిలో ఉన్నాడు. లెన్సుని పాత పట్టుగుడ్డలో చుట్టి దారం కడుతున్నాడు. అక్క వంటింట్లో. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను, కూర్చుంటే మాట రాదని. హైపో సంగతి, అర సంగతి, వేగం సంగతి, నేను రాసిచ్చిన ఒక్క లైను సంగతి, గుట్టుగా సర్దిన సంగతి, అన్నీ. మధ్యలో ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే బావ ఓదారుస్తాడు, ఆ పాపం కూడా ఎందుకు.

బావ దారం వేలికి చుట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. తలెత్తి అడిగాడు.

"అయితే గొట్టాల మీద పొర లేదా?"

"లేదు బావా."

"నీకెలా తెలుసు?"

"నిన్ను పంపేసిన రోజు సాయంత్రం దీపాలాపి నేనే చూశాను. ఒక్కో గొట్టం తీసి కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఎక్కడా చుక్క లేదు. అవతలి గోడ మీద పగుళ్ళు కూడా కనపడ్డాయి అందులోంచి."

"పన్నెండూ?"

"పన్నెండూ."

బావ లేచాడు. మొహంలోకి రక్తం వచ్చింది. వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "ఏమోయ్, వింటున్నావా? నేను తుడిచినవి శుభ్రంగానే ఉన్నాయంట! పన్నెండూ!"

నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. లెన్సుకి కట్టిన దారం విప్పేసి, వెలుతురుకి ఎత్తి పట్టి చూసి, "చూడు, చూడు, ఇక్కడ దుమ్ముంది. నాకు కనపడుతోంది" అన్నాడు. చొక్కా వేసుకోవడానికి లోపలి గదిలోకి పోతూ, "ఆదివారం కళ్ళజోళ్ళ కొట్టు తీస్తాడంటావా మరదలా?" అని నన్నే అడిగాడు. పాట కూడా అందుకున్నాడు.

ఒక్క మాట. ఈ ఒక్క మాట జూన్ నెలలోనే చెప్పి ఉంటే సరిపోయేది. నెలరోజులు ఆయన స్టూలెక్కి లేని మరక కోసం వెతుకుతుంటే, నేను లేదు బావా, లేదు బావా అని ట్యూబులైటు గురించి చెప్పాను.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. చేతిలో మూడు పళ్ళేలున్నాయి.

"నీకు ఎప్పట్నించి తెలుసే?"

నెల అనొచ్చు, పరీక్ష చేసి తేల్చుకున్న రోజు చెప్పొచ్చు. జూలై రెండు అంటే అబద్ధం కూడా కాదు.

"ఆ అధికారి సీసాలో హైపో వేసిన నిమిషం నుంచి తెలుసు. జూన్ ఇరవై."

అక్క మనసులో లెక్క పెట్టుకుంది. పెదాలు కదలడం కనపడింది.

"ఇరవై శుక్రవారం. ఆ ఆదివారం నువ్వు ఇక్కడే భోంచేశావు. నేను రోజూ తుడిచానని ఆయన చెప్తుంటే విన్నావు. నవ్వావు. పెరుగు అడిగి వేయించుకున్నావు."

"అవునక్కా."

అక్క మూడో పళ్ళెం తీసుకెళ్ళి గూట్లో పెట్టేసి వచ్చింది. కోపంగా పెట్టలేదు, చప్పుడు కూడా కాలేదు. "ఇవాళ్టికి వెళ్ళు బుల్లీ" అంది. లోపల బావ ఇంకా పాడుతున్నాడు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదట్నించీ చదివాను. జూన్ ఇరవై పేజీలో నా గురించి ఒక్క ముక్క రాసుకున్నాను, తలనొప్పిగా ఉందని.

ఆ రోజు నాకు తలనొప్పి లేదు.